పధ్నాలుగో కూర్పు

కిసుములో వాన సరస్సు మీంచి నడిచొస్తుంది.
ముందు కరెంటు పోతుంది, తర్వాతే తొలి చినుకు.
ఆసుపత్రి రెండో అంతస్తులో, రక్తనిధి పక్క గదిలో
నేనొక కాగితాల కట్టకి వయసు మళ్ళకుండా చూస్తుంటాను.
దాని పేరు లభ్యతా ప్రణాళిక.
పేరు విని మా పిన్ని, ఏ కొట్లో లభ్యమని అడిగింది.

అదొక మాట ఇవ్వడం, అంతే.
ఏ గ్రూపు రక్తం ఏ అరలో ఉందో చెప్పే తెర
నెలకి నలభై మూడు నిమిషాలకి మించి నల్లబడదని.
ఆ లెక్క కట్టినవాళ్ళు
కాన్పు గది బయట ఒక్క నిమిషం పొడవెంతో
ఎప్పుడూ నిలబడి చూసినట్టు లేరు.

మాట ఇచ్చేస్తే సరిపోదు, అది పాతబడుతుంది.
బ్యాటరీలు తొంభై నిమిషాలు మోస్తాయని రాసుంది.
అది కొన్ననాటి ముచ్చట. ఇప్పుడు ఇరవై ఆరు.
కొట్టేసి రాశాను. వాంజాలా గారు కళ్ళద్దాలు తుడుచుకుని
మళ్ళీ చూశారు. అంకె అక్కడే ఉంది.
నైరోబీకి రెండు దారులన్నారు, రెండు కంపెనీల తీగలన్నారు.
రోడ్డు తవ్వినవాడి గునపానికి తెలిసింది
రెండూ ఒకే కల్వర్టు కింద ఒకే గొట్టంలో
అన్నదమ్ముల్లా పడుకున్నాయని.

తొమ్మిదో పేజీ: రాత్రివేళ పిలవాల్సినవాళ్ళు.
మొదటి పేరు ఒగుటు.
జనరేటర్‌తో మాట్లాడటం తెలిసినవాడట.
నేను ఉద్యోగంలో చేరకముందే పోయాడు, మూడేళ్ళయింది.
పేరు మాత్రం పోలేదు.
ఆ పేరు కింద పన్నెండు పరీక్షలు, పన్నెండు గళ్ళు,
ప్రతి గడిలో ఒకటే మాట:
పిలిచాం, పలికారు, సరే.

వెన్నులో సన్నగా చలి. నంబరు నొక్కాను.

"మళ్ళీ ఆసుపత్రేనా?" అంది ఒక ఆడగొంతు,
వెనక కొంగల గోల, పడవ మోటారు దగ్గు.
"ఒగుటు లేడమ్మా. ఈ నంబరు ఇప్పుడు నాది.
నా పేరు అకేయో. దుంగా రేవులో ఒమెనా ఎండబెట్టి అమ్ముతాను.
మూణ్ణెల్లకోసారి మీరు చేస్తారు. లేడంటాను.
మంచిదని పెట్టేస్తారు.
ఇన్నిసార్లు వెతుకుతున్నారు,
మీకేమైనా బాకీ ఉన్నాడా పాపం?"

గళ్ళలో రాసింది అబద్ధం కాదు.
పలికారు. ఎవరో ఒకరు పలికారు.

ఆ మధ్యాహ్నం జనరేటర్ గదికి వెళ్ళాను.
డీజిల్ జిడ్డు, సాలెగూళ్ళు, తొండ ఒకటి.
పెద్ద స్విచ్చు వెనక గోడ మీద సుద్దతో లువో భాషలో
వంకర అక్షరాలు:
"పైకెత్తి పట్టుకో. పది లెక్కపెట్టు. తొందరపడకు."
ఏ కూర్పులోనూ లేని వాక్యాలు.
వేలితో తాకబోయి ఆగాను, చెరిగిపోతాయని.

తొమ్మిదో పేజీలో ఆయన పేరు తీసేశాను.
ఒక్క మీట నొక్కాలి, అంతే.
దానికి పొద్దు గూకేదాకా పట్టింది.
పేరున్న చోట ఆయన మూడు మాటలూ ఎక్కించాను,
కింద బతికున్నవాళ్ళ నంబర్లు రాశాను,
ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పేరు చెప్పించుకుని.
పధ్నాలుగో కూర్పు. సంతకాలయ్యాయి.

మూణ్ణెల్లు తిరిగాయి. పరీక్ష జరిగింది.
పిలవాల్సినవాళ్ళనే పిలిచాం.
ఆ సాయంత్రం నా ఫోన్ మోగింది.

"ఈసారి మీరు చేయలేదు," అంది అకేయో.
"అంతా బాగేనా అక్కడ?"

బాగేనని చెప్పబోతున్నాను.
కిటికీ అవతల సరస్సు సీసంలా ముద్దకట్టింది.
మాట మధ్యలో దీపం ఆరింది.
కింద గదిలో ఎవరివో పరుగులు, ఇనుప తలుపు చప్పుడు.
చీకట్లో నేను పైకే లెక్కపెడుతున్నాను,
ఒకటి, రెండు, మూడు.
అవతల ఆవిడ, ఎందుకని అడగలేదు.
ఫోన్ పెట్టేయనూ లేదు.